ఇంట్లో స్టేక్ డిన్నర్: ముందు కూరగాయలు, తర్వాతే మాంసం

"స్టేక్ ఇంట్లో చేస్తే నమల్లేక దవడలు నొప్పెడుతున్నాయి", "బయట మాడిపోతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది", "పొగకి అలారం మోగి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు తలుపు కొడుతున్నారు". ఈ మూడే తిప్పి తిప్పి అడుగుతున్నారు, ఎక్కువగా అమెరికాలో ఉంటున్న మనవాళ్ళే, అందుకని కొనడం దగ్గర్నుంచి మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టడం దాకా ఒకేచోట రాసేస్తున్నా.

స్టేక్ అంటే మందంగా కోసిన మాంసం ముక్క, ఇక్కడ రాస్తున్నది బీఫ్ స్టేక్ గురించి, బీఫ్ తినని ఇళ్ళకి 11 చూడండి. ముందే ఒక మాట. చాలామంది స్టేక్ పెనం మీద వేశాక "అయ్యో కూరగాయలు" అనుకుని ఒక గిన్నెడు ఫ్రోజెన్ బ్రాకలీ మైక్రోవేవ్‌లో పడేస్తారు. అది హెల్తీ డిన్నర్ కాదు, పక్కన పచ్చరంగు పెట్టిన స్టేక్ అంతే. కూరగాయలకి అరగంట పడుతుంది, స్టేక్‌కి పది నిమిషాలు చాలు, కాబట్టి ఈ వంట మొదలవ్వాల్సింది ఓవెన్ దగ్గర. కింద వరుస మొత్తం దీని మీదే ఉంటుంది.

డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే రాస్తున్నా, అక్కడి ఓవెన్లు, థర్మామీటర్లు అవే చూపిస్తాయి కాబట్టి. కొలతలు ఇద్దరికి.

## 1. ముందు ప్లేటు లెక్క

ప్లేటులో సగం కూరగాయలు, పావు భాగం మాంసం, మిగిలిన పావు చిలగడదుంపో బ్రౌన్ రైసో. లెక్క ఇంతే, కేలరీల యాప్ తెరవక్కర్లేదు.

మాంసం మనిషికి వండాక 3 నుంచి 4 ఔన్సులు, అంటే దాదాపు 85 నుంచి 115 గ్రాములు. వండితే బరువులో సుమారు పావు వంతు తగ్గుతుంది, కాబట్టి ఇద్దరికి 10 ఔన్సుల పచ్చి స్టేక్, అంటే దాదాపు 280 గ్రాములు, ఒక్కటి కొంటే సరిపోతుంది. కొవ్వు తక్కువుండే 3 ఔన్సుల ముక్కలోనే దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. రెస్టారెంట్లో ఒక్కొక్కరి ముందు 12 ఔన్సులు పెడతారు కదా అని ఇంట్లో కూడా మనిషికొకటి వేసుకుంటే ఆ లెక్క పోయినట్టే.

వారం మొత్తం మీద రెడ్ మీట్ వండాక 350 నుంచి 500 గ్రాములు దాటొద్దని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ చెప్తుంది. ఆ లెక్కన ఈ డిన్నర్ వారానికి ఒకసారో రెండుసార్లో, రోజూ కాదు. కిడ్నీ సమస్య, గౌట్ లాంటివి ఉన్నవాళ్ళు ఎంత తినొచ్చో డాక్టర్‌ని అడిగాకే.

## 2. షాపులో ఏది తీసుకోవాలి

లేబుల్ మీద ఉండే పేర్లు ముక్క ఏ భాగం నుంచి కోశారో చెప్తాయి. వాటిలో నా ఓటు టాప్ సర్లాయిన్‌కే. కొవ్వు తక్కువ, రుచి ఉంటుంది, ధర మరీ చంపెయ్యదు. రిబ్ ఐ రుచికి తిరుగులేదు కానీ కొవ్వు కండ మధ్యలోకే అల్లుకుని ఉంటుంది, కోసి తీసేద్దామన్నా రాదు. న్యూయార్క్ స్ట్రిప్‌లో కొవ్వు ఎక్కువగా ఒక అంచున పట్టీలా ఉంటుంది, వండాక చాకుతో తీసి పక్కన పెట్టొచ్చు, కాబట్టి అది మధ్యేమార్గం. ఫిలే మిన్యాన్ మెత్తగా ఉంటుంది, జేబుకే కష్టం. ఫ్లాంక్ కూడా బావుంటుంది కానీ దాన్ని పల్చగా, పీచుకి అడ్డంగా కొయ్యడం రావాలి, ఆ సంగతి కింద చెప్తా. ఐ ఆఫ్ రౌండ్ అనేది లేబుల్ మీద బాగా లీన్‌గా, అంటే కొవ్వు తక్కువగా కనిపిస్తుంది, చవక కూడా, కానీ పెనం మీద గట్టిపడిపోతుంది, మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోకండి.

గ్రేడ్ విషయం: ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని ఉంటాయి, అది కండలో కొవ్వు ఎంత అల్లుకుందో చెప్పే వరుస. మనకి ఛాయిస్ సరిపోతుంది. సెలెక్ట్‌లో కొవ్వు ఇంకా తక్కువ, కానీ ఒక్క నిమిషం ఎక్కువ ఉంచినా ఎండిపోతుంది.

గ్రేడ్ కంటే మందం ముఖ్యం. అంగుళం నుంచి అంగుళంన్నర మందం ఉండాలి. అరంగుళం ముక్క అయితే పైన రంగు వచ్చేలోపే లోపల మొత్తం ఉడికిపోతుంది, ఎంత చెయ్యి తిరిగినవాళ్ళు చేసినా అంతే. రెండు పల్చటివి కొనేకంటే ఒక్క మందపాటిది కొని ఇద్దరూ పంచుకోండి. కౌంటర్ దగ్గర అడిగితే మందంగా కోసిస్తారు కూడా.

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. ప్యాకెట్ మీద "బ్లేడ్ టెండరైజ్డ్" అనో "మెకానికల్లీ టెండరైజ్డ్" అనో చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. మెత్తబడటానికి సన్నటి బ్లేడ్లు, సూదులు గుచ్చిన మాంసం అది, పైన ఉన్న బ్యాక్టీరియా ఆ సూదులతో పాటు లోపలికి పోవచ్చు. అమెరికాలో 2016 నుంచి ఈ సంగతి లేబుల్ మీద రాయాల్సిందే. అలాంటిది కొంటే లోపల ఎర్రగా ఉంచుకోవడం మర్చిపోండి, 145 డిగ్రీలు దాటించి లేబుల్ మీద ఏముందో అదే చెయ్యండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

- అంగుళం పైన మందం, అంతటా ఒకే మందం
- ప్యాకెట్ అడుగున నీళ్ళు నిలిచి ఉండకూడదు
- టెండరైజ్డ్ అన్న మాట ఉందా లేదా
- మ్యారినేడ్ ముందే పట్టించింది వద్దు, ఉప్పు ఎంత కొట్టారో మనకి తెలీదు

ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టి ఉంటే ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి దించండి. కౌంటర్ మీద పెట్టి కరిగించొద్దు. మరీ తొందరైతే నీళ్ళు పోని కవర్లో పెట్టి చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి, కరగ్గానే వండెయ్యాలి.

## 3. వంటింట్లో ఏముండాలి

- మందపాటి ఇనప పెనం, కాస్ట్ ఐరన్ స్కిల్లెట్ అని అమ్మేది. స్టీల్ పెనం మందంగా ఉంటే అదీ పర్లేదు
- వెంటనే డిగ్రీలు చూపించే డిజిటల్ థర్మామీటర్
- పెద్ద బేకింగ్ ట్రేలు రెండు
- పట్టకారు. ఫోర్క్‌తో పొడిచి తిప్పొద్దు
- పేపర్ టవల్స్ ధారాళంగా
- పచ్చి మాంసానికి ఒక పలక, కూరగాయలకి ఇంకో పలక

నాన్‌స్టిక్ పెనం వద్దు. స్టేక్‌కి కావాల్సినంత వేడికి దాన్ని ఖాళీగా కాల్చకూడదు, కోటింగ్ పాడవుతుంది.

థర్మామీటర్ కొనడానికి వెనకాడేవాళ్ళు ఉన్నారు, వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుందని. ఏళ్ళ తరబడి గ్రిల్ దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుస్తుందేమో, నెలకోసారి చేసే మనకి తెలీదు. ఉన్నది సరిగ్గా చూపిస్తోందో లేదో ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్ళలో పెట్టి చూడండి, 32 రావాలి.

## 4. ఉప్పు ఎప్పుడు, తడి ఎందుకు

రుచి సగం ఇక్కడే తేలిపోతుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

కడగొద్దు. మన ఇళ్ళల్లో మాంసం అంటే పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్ళు కడగాల్సిందే, అమ్మలు చూస్తే ఊరుకోరు. కానీ స్టేక్‌ని కుళాయి కింద పెడితే ఆ చుక్కలు సింక్ అంతా, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీదా పడి బ్యాక్టీరియా అంటుకుంటుంది. పైన ఉన్నది పెనం వేడికి ఎలాగూ చచ్చిపోతుంది. కడిగితే వచ్చే రెండో నష్టం తడి.

తడి ఎందుకు శత్రువంటే: పైన నీళ్ళున్నంత సేపూ ఆ భాగం వేడి 212 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే సెగంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. మనకి కావాల్సిన ముదురు గోధుమ రంగు, ఆ వాసన 300 డిగ్రీల చుట్టుపక్కల గానీ జోరుగా రావు. తడి ముక్క వేస్తే అది ముందు ఉడుకుతుంది, తర్వాత ఎప్పుడో వేగుతుంది, అప్పటికి లోపల అయిపోయుంటుంది.

ఉప్పు: 10 ఔన్సులకి కోషర్ ఉప్పు (పలుకులు పెద్దగా ఉండే ముతక ఉప్పు) అర టీస్పూన్, మామూలు మెత్తటి ఉప్పయితే పావు టీస్పూన్, రెండు వైపులా అంచులకి కూడా. ఒక టీస్పూన్ మెత్తటి ఉప్పులో దాదాపు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి చెప్పిన హద్దు అంతా అందులోనే, కాబట్టి చేత్తో ఉజ్జాయింపుగా చల్లకుండా చెంచాతో కొలవండి.

ఎప్పుడు చల్లాలి అంటే రెండే టైములు. ఒకటి, కనీసం 40 నిమిషాల ముందు, వీలైతే ముందురోజు రాత్రి. రెండు, సరిగ్గా పెనం మీద వేసే ముందు. మధ్యలో పది, పాతిక నిమిషాల ముందు చల్లితే మొదటికే మోసం. ఉప్పు తగలగానే మాంసంలో నీళ్ళు పైకొస్తాయి, దగ్గరగా చూస్తే పైన చిన్న చిన్న ముత్యాల్లా చెమ్మ కనిపిస్తుంది, ఆ టైములో పెనం మీద వేశారంటే ఉడికిన మాంసమే. ఓపిక పడితే ఆ నీళ్ళలో ఉప్పు కరిగి నెమ్మదిగా మళ్ళీ లోపలికే ఇంకిపోతుంది, పైన ముక్క కాస్త ముదురు రంగుకి తిరిగి పొడిగా కనిపిస్తుంది.

నేనయితే రాత్రే ఉప్పు రాసి, జాలీ స్టాండు మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో పెడతా, కింద ప్లేటు తప్పనిసరి. పొద్దున్నకి పైపొర చేతికి అంటుకోనంత పొడిగా ఉంటుంది.

మసాలా: అల్లం వెల్లుల్లి పేస్టు, పెరుగు, ధనియాల పొడి పట్టించి నానబెడుతున్నామని చాలామంది చెప్పారు. కూరకి బావుంటుంది గానీ, ఇంత వేడి పెనం మీద ఆ పేస్టు రెండు నిమిషాల్లో మాడి చేదెక్కుతుంది, పెరుగు తడి వల్ల మాంసానికి రంగూ రాదు. కారం, మసాలా కావాలంటే వండాక పైన చల్లుకోండి, లేదా 9లో చెప్పిన పచ్చడి పక్కన పెట్టుకోండి. మిరియాల పొడి కూడా దించాకే.

గంట ముందు బయటపెట్టి "రూమ్ టెంపరేచర్"కి తేవాలి అంటారు చూశారా, దాని గురించి టెన్షన్ పడొద్దు. మందపాటి ముక్క అరగంట బయట ఉన్నా లోపల పెరిగేది కొద్ది డిగ్రీలే. ఆ శ్రద్ధేదో పేపర్ టవల్‌తో అద్దడం మీద పెట్టండి.

## 5. కూరగాయలు: ఓవెన్ 425

ఓవెన్ 425కి పెట్టి, ఖాళీ ట్రేలని లోపలే ఉంచి వేడెక్కనివ్వండి. వేడి ట్రే మీద ముక్కలు పడగానే చుర్రుమనాలి, అప్పుడు అడుగున రంగొస్తుంది.

ఇద్దరికి పచ్చి ముక్కలు ఆరు కప్పుల దాకా కోసుకోండి. చూస్తే ఎక్కువనిపిస్తుంది, ఓవెన్లోంచి వచ్చేసరికి సగానికి దిగుతుంది. ఏవి ఎంతసేపు:

- చిలగడదుంప, ముప్పావు అంగుళం ముక్కలు: 25 నుంచి 30 నిమిషాలు
- క్యారెట్, వేలంత పొడుగు ముక్కలు: 25 నిమిషాలు
- కాలీఫ్లవర్: 22 నుంచి 25
- బ్రాకలీ: 18 నుంచి 20
- బెండకాయ, నిలువుగా రెండుగా చీల్చి: 15 నుంచి 18
- క్యాప్సికం, పెద్ద ముక్కలు: 15
- ఆస్పరాగస్: 10 నుంచి 12

బెండకాయ చూసి ఆశ్చర్యపోవద్దు, ఇండియన్ స్టోర్లో దొరికే లేత బెండకాయలు ఈ వేడికి జిగురు పూర్తిగా పోయి అంచులు కరకరలాడతాయి, స్టేక్ పక్కన బ్రాకలీ కంటే నాకు ఇదే ఇష్టం. కడిగాక గుడ్డతో పూర్తిగా తుడిచి కోయండి, ఉప్పు చివర్లో వేయండి.

నూనె ట్రేకి ఒక టేబుల్‌స్పూన్ మించొద్దు. ఒక టేబుల్‌స్పూన్ నూనెకి 120 కేలరీలు, సీసా పట్టుకుని వంచితే తెలీకుండానే మూడు స్పూన్లు పడుతుంది, హెల్తీ డిన్నర్ అనుకున్నది ఇక్కడే జారిపోతుంది. గిన్నెలో ముక్కలన్నీ వేసి, నూనె కొలిచి పోసి, చేత్తో కలిపితే కొంచెం నూనే అన్నిటికీ అంటుతుంది.

ముక్కకి ముక్కకి మధ్య సందు ఉండాలి, ఇది మాత్రం ఖచ్చితం. ఒకదాని మీద ఒకటి పడితే వాటి ఆవిరికి అవే ఉడికి మెత్తగా ముద్దవుతాయి. అందుకే రెండు ట్రేలు అన్నది. గట్టివి ఒక దాంట్లో, తొందరగా అయ్యేవి ఇంకో దాంట్లో, రెండోది ఆలస్యంగా లోపలికి.

ఓవెన్ లేనివాళ్ళు ఇదే ఇనప మూకుడులో చెయ్యొచ్చు. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూతపెట్టి మూడు నాలుగు నిమిషాలు మగ్గనిచ్చి, మూత తీసి నూనె వేసి పెద్ద మంట మీద రంగు రానివ్వండి, ఒకేసారి కాకుండా విడతలుగా. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 400 దగ్గర పెట్టి, పైన రాసిన టైముకి నాలుగైదు నిమిషాల ముందు నుంచే చూస్తూ ఉండండి.

## 6. గడియారం వరుస

ఉప్పు ముందే రాసిపెట్టుకున్నారు అనుకుని:

- 0 నిమిషాలు: ఓవెన్ ఆన్, ట్రేలు లోపల. ఇప్పుడు కూరగాయలు కోసుకోండి
- 20: చిలగడదుంప, క్యారెట్ ట్రే లోపలికి
- 28: బ్రాకలీ లేదా బెండకాయ ట్రే లోపలికి
- 30: స్టేక్ బయటికి తీసి మళ్ళీ ఒకసారి తుడవండి. పెనం స్టవ్ మీద
- 35: స్టేక్ పెనం మీద
- 43 లేదా 45: స్టేక్ దించి పక్కన. ట్రేలు ఒక్కొక్కటే బయటికి
- 50: కోసి వడ్డించడమే

మధ్యలో ఫోనొస్తే ఎత్తకండి, 35 నుంచి 45 దాకా ఆ పది నిమిషాలూ పెనం దగ్గరే ఉండాలి.

## 7. పెనం మీద

పొగ సంగతి ముందు. కొన్ని అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైన ఫ్యాన్ పొగని బయటికి పంపదు, ఫిల్టర్ గుండా తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. తాలింపుకే మోగే అలారం స్టేక్‌కి ఊరుకుంటుందా. కిటికీ తెరవండి, ఫ్యాన్ పెద్ద స్పీడులో పెట్టండి, బెడ్‌రూమ్ తలుపులు వేసెయ్యండి. అలారం బ్యాటరీ మాత్రం పీకొద్దు.

నూనె: రిఫైన్డ్ అవకాడో, కనోలా, సన్‌ఫ్లవర్ ఏదైనా ఒక్క టీస్పూన్, పెనంలో కాదు, ముక్కకే పల్చగా రాయండి. పెనంలో పోస్తే చుట్టూ ఖాళీగా ఉన్న నూనె కాగి పొగొస్తుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ ఆయిల్ ఇంత వేడికి ముందే పొగలు కక్కుతుంది, బటర్ అయితే అందులోని పాల పదార్థం మాడిపోతుంది.

వరుస ఇదీ:

1. ఇనప పెనం మీడియం కంటే కొంచెం ఎక్కువ మంట మీద 4, 5 నిమిషాలు ఖాళీగా కాలనివ్వండి. ఒక నీటి చుక్క వేస్తే నిలబడి ఆవిరవ్వకుండా గోళీలా పరిగెత్తాలి.

2. ముక్కని మీ వైపు నుంచి అవతలికి పడుకోబెట్టండి, నూనె చిందితే అటే చిందుతుంది. పట్టకారుతో పది సెకన్లు మెల్లగా అదిమితే అడుగంతా పెనానికి ఆనుతుంది.

3. రెండు నిమిషాలు కదపొద్దు. పెనానికి అతుక్కుంటే లాగకండి, రంగొచ్చాక దానంతట అదే వదులుతుంది.

4. తిప్పండి. ఇంకో రెండు నిమిషాలు.

5. ఇక్కడి నుంచి నిమిషానికోసారి తిప్పుతూ ఉండండి. ఒక్కసారే తిప్పాలి అనే మాట పట్టుకోకండి, మాటిమాటికీ తిప్పితే లోపల రెండు వైపుల నుంచీ సమంగా ఉడుకుతుంది, పైన మాడదు. మాంసం మాడితే ఒంటికి మంచివికాని పదార్థాలు తయారవుతాయి కాబట్టి ఆరోగ్యం చూసుకునేవాళ్ళకి ఇదే పద్ధతి. నల్లగా మాడిన అంచు ఉంటే కోసి పారెయ్యండి.

6. ఒకవైపు కొవ్వు పట్టీ ఉంటే ముక్కని పట్టకారుతో నిలబెట్టి ఆ అంచుని అరనిమిషం పెనానికి ఆనించండి. కరిగిన కొవ్వు పెనంలో మిగిలిపోతుంది.

7. ఆరో నిమిషం నుంచి థర్మామీటర్ పెట్టి చూడండి. పైనుంచి గుచ్చకుండా పక్కనుంచి, మొన సరిగ్గా మధ్యకి వచ్చేలా. అంగుళం ముక్కకి మొత్తం 7, 8 నిమిషాలు, అంగుళంన్నరకి 10, 12, అయినా నిమిషాలు నమ్మొద్దు, డిగ్రీలే నమ్మండి.

పెనం మీద శబ్దం కూడా వింటూ ఉండండి. గట్టిగా, ఆగకుండా చుర్రుమంటుంటే సరిగ్గా ఉన్నట్టు. గుసగుసలాడుతుంటే మంట చాల్లేదు. చిటపటలాడుతూ నీలం పొగొస్తుంటే ఎక్కువైంది, పెనం కాసేపు పక్కకి జరపండి.

## 8. లోపల ఎన్ని డిగ్రీలు రావాలి

- 130 నుంచి 135: లోపల ఎర్రగా, బాగా రసంతో, మీడియం రేర్
- 140 చుట్టూ: మధ్యలో గులాబీ రంగు, మీడియం
- 145, ఆపైన 3 నిమిషాలు పక్కన: అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సేఫ్ లెక్క
- 160 పైన: వెల్ డన్, గులాబీ రంగు ఉండదు

గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవయసు వాళ్ళు, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు 145 కిందికి పోనేకూడదు. ఇంట్లో ఇలాంటి వాళ్ళు ఒక్కరున్నా ఆ ముక్క అందరికీ 145కే చెయ్యండి.

దించాక కూడా లోపల వేడి ఇంకో 5 డిగ్రీల దాకా పెరుగుతుంది. 140 కావాలంటే 135కే దించేస్తే సరిపోతుంది. 145 లెక్క పాటించేవాళ్ళు మాత్రం పెనం మీదే 145 చూసుకుని దించండి.

మనవాళ్ళలో ఎక్కువమందికి లోపల ఎర్రగా ఉంటే తినబుద్ధి కాదు, "రక్తం కారుతోంది" అంటారు. అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ కలిసిన నీళ్ళు. అయినా ఇష్టం లేకపోతే మొహమాటపడి తినక్కర్లేదు. వెల్ డన్ కావాలంటే పెనం మీద 15 నిమిషాలు కాల్చొద్దు, వేరే దారి ఉంది: ఓవెన్ 250 దగ్గర పెట్టి స్టేక్‌ని అందులో 145 దాకా నెమ్మదిగా రానిచ్చి, తర్వాత పెనం మీద ఒక్కోవైపు ఒకటిన్నర నిమిషం, చివర్లో థర్మామీటర్ పెట్టి చూసుకోండి. ఎండిపోవడం చాలావరకు తగ్గుతుంది. అప్పుడు కూరగాయలు ముందే చేసుకుని ఉంచాలి, రెండిటికీ ఓవెన్ వేడి వేరు కాబట్టి.

## 9. పక్కన పెట్టడం, కొయ్యడం, మీద ఏం వేసుకోవాలి

దించగానే కొయ్యొద్దు. శుభ్రమైన ప్లేటులో 5 నిమిషాలు వదిలెయ్యండి, పచ్చి మాంసం పెట్టిన ప్లేటు కాదు సుమా. ఫాయిల్‌తో బిగించి కప్పితే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది.

కొయ్యడం దగ్గర చాలామంది దెబ్బతింటారు. ముక్క మీద ఒకే దిశలో పోయే గీతలు కనిపిస్తాయి, అదే కండ పీచు. చాకు ఆ గీతలకి అడ్డంగా పోవాలి. గీతల వెంట కోస్తే ఒక్కో ముక్కలో పొడుగాటి పీచు మొత్తం మిగిలి, అది నమలాల్సింది మన పళ్ళు. అడ్డంగా, పావు అంగుళం మందాన కోస్తే ఆ పని చాకే చేసేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే గీతలు ఎటు పోతున్నాయో చూసి పెట్టుకోండి, వేగాక సరిగ్గా కనపడవు. సర్లాయిన్‌లో ఒక్కోసారి ముక్క మధ్యలో పీచు దిశ మారుతుంది, అక్కడ రెండుగా విడదీసి దేన్ని ఎటు కొయ్యాలో అటు కొయ్యండి.

మీద వేసుకోడానికి రెండు రకాలు.

పెనంలోంచే: కొవ్వు వంచేసి, మంట తగ్గించి, దంచిన వెల్లుల్లి ఒక రెబ్బ వేసి పది సెకన్లు కలిపి, పావు కప్పు నీళ్ళు పోసి అడుగున అంటినదంతా చెక్క గరిటెతో గీకండి. సగానికి ఇగిరాక నిమ్మరసం, మిరియాల పొడి. ఉప్పు రుచి చూశాకే, చాలాసార్లు అక్కర్లేదు.

పచ్చడి: కొత్తిమీర ఒక కట్ట, పుదీనా పది ఆకులు, పచ్చిమిర్చి రెండు, వెల్లుల్లి ఒక రెబ్బ, నిమ్మరసం, చెంచా ఆలివ్ ఆయిల్, చిటికెడు ఉప్పు. బరకగా నూరాలి, మిక్సీలో మెత్తటి పేస్టు చెయ్యొద్దు. బాటిల్ స్టేక్ సాస్‌లో ఉండే చక్కెర, ఉప్పు బెడద ఉండదు, మన నోటికి కారమూ తగులుతుంది. కూరగాయల మీద కూడా ఇదే వేసుకోండి.

## 10. తేడా వస్తే ఏం చెయ్యాలి

రంగు రాలేదు, బూడిద రంగులో ఉంది. తడి ఉంది, లేదా పెనం కాలలేదు, లేదా చిన్న పెనంలో రెండు ముక్కలు ఇరికించారు. అప్పటికప్పుడు చెయ్యగలిగింది: ముక్క తీసి, తుడిచి, పెనం మళ్ళీ మూడు నిమిషాలు కాల్చి ఒక్కోవైపు నిమిషం.

పైన అయిపోయింది, లోపల పచ్చి. మంట ఎక్కువైంది. కూరగాయలు తీసేసిన ఓవెన్ ఇంకా వేడిగానే ఉంటుంది కదా, పెనంతో సహా అందులోకి తోసి రెండేసి నిమిషాలకోసారి డిగ్రీలు చూడండి. పిడి పట్టుకునేటప్పుడు గుడ్డ మర్చిపోకండి.

ఎక్కువ ఉడికిపోయింది. వెనక్కి తేలేం. వీలైనంత పల్చగా కోసి పెనంలో చేసిన ఆ రసంలో దొర్లించండి.

ఉప్పెక్కువైంది. కూరగాయలకి ఉప్పు మానేసి నిమ్మకాయ పిండండి, రెండూ కలిపి తింటే సరిపోతుంది.

కూరగాయలు మెత్తగా నీళ్ళోడుతున్నాయి. ట్రే నిండిపోయింది, లేదా కడిగి తుడవలేదు. సగం ఇంకో ట్రేలోకి మార్చి 450 దగ్గర ఐదు నిమిషాలు.

వాసన తేడాగా ఉంది, జిగురుగా ఉంది. వండే ముందే పారెయ్యండి. డబ్బులు పోతే పోయాయి.

## 11. బీఫ్ తినని ఇళ్ళల్లో

మన ఇళ్ళల్లో బీఫ్ తినని వాళ్ళే ఎక్కువ, ఈ పద్ధతి వాళ్ళకీ పనికొస్తుంది. లాంబ్ లెగ్ స్టేక్ అని అంగుళం మందాన కోసి అమ్ముతారు, పైన చెప్పిన వరుసే, 145 దాకా, తర్వాత 3 నిమిషాలు. మేక మాంసం మాత్రం వద్దు. హలాల్ షాపులో ఎముకతో పల్చగా రంపం పెట్టి కోసినవి ఇలా పెనం మీద వేస్తే సాగుతాయి, వాటికి కుక్కరే కరెక్ట్.

చేపయితే సాల్మన్. తోలు వైపు కిందికి పెట్టి, అంగుళం మందానికి మొత్తం పది నిమిషాల లెక్క, అందులో ముప్పావు వంతు తోలు వైపే, చివర్లో ఒకసారి తిప్పితే చాలు, 145. వంజరం అనుకుని కింగ్ మాకెరెల్ లేబుల్ ఉన్నది కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, దాంట్లో పాదరసం ఎక్కువని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తినొద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెప్తుంది.

శాకాహారులకి కాలీఫ్లవర్ పువ్వుని కాడతో సహా నిలువుగా అంగుళం మందాన కోస్తే నడిమి భాగంలో రెండు మంచి పలకలు వస్తాయి, మిగిలింది రాలిపోతుంది, ఆ రాలినవి ట్రేలో వేసుకోండి. ప్రొటీన్ కోసం పక్కన పనీరో, ఉడికించిన శనగలో ఉండాలి, కాలీఫ్లవర్‌లో అది పెద్దగా ఉండదు.

## 12. మిగిలింది, పెనం కడగడం

మిగిలిన మాంసం, కూరగాయలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి. 3, 4 రోజులు నిలవుంటాయి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే స్టేక్ మళ్ళీ ఉడికి గట్టిపడుతుంది, అందుకని పల్చగా కోసి, పెనం మీద ఉల్లిపాయ ముక్కలు వేగాక చివర్లో వేసి వేడెక్కగానే దించెయ్యండి, చపాతీలో చుట్టుకుని ఆ పచ్చడి రాసుకుంటే మర్నాడు లంచ్ బాక్స్ అయిపోతుంది.

ఇనప పెనం గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్ళతో, కావాలంటే ఒక చుక్క సబ్బుతో రుద్ది కడగండి, సింక్‌లో నానబెట్టొద్దు. స్టవ్ మీద పెట్టి తడి మొత్తం ఆరాక రెండు చుక్కల నూనె గుడ్డతో రాసి పక్కన పెట్టండి, లేకపోతే మళ్ళీ తీసేసరికి తుప్పు పట్టి ఉంటుంది.